ఆ శిఖరం డోపమైన్‌దేనా? ఎలుక మెదడులో కొలత – ప్రాజెక్టు డైరీ

జనవరి

సంస్థ జంతు నైతిక కమిటీ అనుమతి పత్రం చేతికొచ్చింది. మత్తులో ఉన్న విస్టార్ జాతి ఎలుక మెదడులో, స్ట్రయేటం అనే భాగంలో, నరకణాలు ఒకదానికొకటి సందేశం పంపడానికి వాడే డోపమైన్ అనే రసాయనం ఎంత విడుదలవుతుందో, ఎంతలో మాయమవుతుందో సెకనుకు పదిసార్లు కొలవాలన్నది మా ప్రతిపాదన. ఎలుక ఆ మత్తులోంచి మళ్లీ లేవదు. అందుకే ‘ఫారం బి’ అనే అనుమతి దరఖాస్తులో ఎలుకల సంఖ్యకు కారణం చూపించే గడి దగ్గర అన్నిటికంటే ఎక్కువసేపు ఆగాం. బీకరులో తేల్చుకోగలిగింది ఏదీ ఎలుక దాకా వెళ్లకూడదని మా సారూ నేనూ అప్పుడే ఒక నియమం పెట్టుకున్నాం. ఈ డైరీలో మొదటి సగమంతా ఎలుక కనిపించకపోవడానికి కారణం అదే.

అసలు ప్రశ్న పాతది. 1957లో స్వీడన్‌లో అర్విద్ కార్ల్సన్ బృందం రిసర్పిన్ ఇచ్చిన కుందేళ్లు కదలక మెదలక పడిపోయాయి. వాటికి డోపా, అంటే ఒంట్లో డోపమైన్‌గా మారే పదార్థం, ఎక్కిస్తే మళ్లీ లేచి తిరిగాయి. ఆ రిసర్పిన్ మన సర్పగంధ వేరులోంచి వచ్చిన మందే. ఇక డోపాను 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి దూలగొండి గింజల్లోంచి వేరుచేశారు. పొలం గట్ల మీద ఒంటికి తగిలితే దద్దుర్లు లేచేలా దురద పుట్టించే ఆ దూలగొండే. ఇవాళ పార్కిన్సన్స్ రోగులు వేసుకునే మాత్రలో ఉండేది ఆ లెవోడోపాయే. మాత్ర పనిచేస్తుందన్నది అందరికీ తెలిసిందే. నరాన్ని ఒకసారి ప్రేరేపిస్తే బయటికొచ్చే డోపమైన్, మందు పడ్డాక ఎంత పెరుగుతుంది? ఎంతసేపు నిలుస్తుంది? మేం చూడాలనుకుంటున్నది అది. దానికంటే ముందు కొలిచే పరికరం మీద మాకు నమ్మకం కుదరాలి.

ఫిబ్రవరి

పద్ధతి పేరు ఫాస్ట్ స్కాన్ సైక్లిక్ వోల్టామెట్రీ. సూత్రం చిన్నదే. డోపమైన్ తేలిగ్గా ఆక్సీకరణం చెందుతుంది. రెండు ఎలక్ట్రాన్లు వదిలి క్వినోన్‌గా మారుతుంది. ఆ ఎలక్ట్రాన్లను అందుకునే కొస ఒకటి మెదడులో పెట్టగలిగితే, వచ్చిన కరెంటును బట్టి డోపమైన్ ఎంత ఉందో చెప్పొచ్చు. ఆ కొస కార్బన్ ఫైబర్‌ది. మందం 7 మైక్రాన్లు.

ఈ నెలంతా ఎలక్ట్రోడ్లు చేయడంతోనే సరిపోయింది. బల్ల మీద తెల్ల కాగితం పరిచి, టేబుల్ లైటు ఏటవాలుగా పెడితే తప్ప పోగు కంటికి ఆనదు. గదిలో ఫ్యాన్ ఆపేయాలి, ఏసీ గాలి మళ్లించాలి, మాస్కు కట్టుకోవాలి. ఊపిరి తగిలినా పోగు లేచిపోతుంది. గాజు కేపిలరీ ఒక చివర వాక్యూమ్ గొట్టానికి తగిలించి, రెండో చివర పోగు దగ్గరికి తెస్తే అది లోపలికి జారుతుంది. తర్వాత కేపిలరీని పుల్లర్‌లో నిలబెడతాం. మధ్యలో కాయిల్ ఎర్రబడి గాజు కరుగుతుంది, కింది భాగం సాగుతూ దిగుతుంది, గాజు సన్నబడి పోగును చుట్టూ పట్టేస్తుంది. మైక్రోస్కోపు కింద పెట్టి, గాజు అంచు దాటి బయటికొచ్చిన పోగును స్కాల్పెల్ బ్లేడుతో 100 మైక్రాన్ల దగ్గర కోయాలి. బ్లేడును గట్టిగా నొక్కితే గాజు పగులుతుంది. పోగు మీద బ్లేడు మొన ఆనించి అటూ ఇటూ కొంచెం దొర్లిస్తే అదే తెగుతుంది. ఇది చేతికి అలవాటు కావాల్సిన పని, చదివితే వచ్చేది కాదు.

గాజుకూ పోగుకూ మధ్య సందు ఉంటే ఆ ఎలక్ట్రోడ్ పనికిరాదు. ద్రావణం ఆ సందులోకి పాకుతుంది, కరెంటు స్థిరంగా నిలవదు. మైక్రోస్కోపులో బాగానే కనిపించి, బఫర్‌లో (పీహెచ్ మారకుండా నిలిపే ఉప్పు ద్రావణంలో) ముంచాక బయటపడేవి చాలా ఉంటాయి. అలాంటివన్నీ ఇక్కడే పక్కన పడేస్తున్నాం. చేసినవాటిలో సగానికి పైగా పోతున్నాయి. ఎలుకను ఫ్రేమ్‌లో పెట్టాక ఎలక్ట్రోడ్ బాగాలేదని తెలుసుకోవడం కన్నా ఇది ఎంతో నయం.

మార్చి

క్యాలిబ్రేషన్ నెల, అంటే తెలిసినంత డోపమైన్‌కు ఎలక్ట్రోడ్ ఎంత కరెంటు ఇస్తుందో సరిచూసుకునే నెల. ఫ్లో సెల్ అనే చిన్న అరలో, సిరంజి పంపు నుంచి బఫర్ ఎలక్ట్రోడ్ మీదుగా పారుతూ ఉంటుంది. వాల్వ్ తిప్పితే కొన్ని సెకన్లపాటు బఫర్ బదులు 1 మైక్రోమోలార్ గాఢత ఉన్న డోపమైన్ పారుతుంది (అందులో వెయ్యో వంతు నానోమోలార్). డోపమైన్ స్టాకు 0.1 నార్మల్ పెర్క్లోరిక్ ఆమ్లంలో కలుపుకుని ఫ్రిజ్‌లో పెట్టుకున్నాం. మామూలు బఫర్‌లో కలిపి బల్ల మీద వదిలేస్తే అది తనంతట తానే ఆక్సీకరణం చెంది రంగు తిరుగుతుంది.

ఎలక్ట్రోడ్‌కు ఇచ్చే వోల్టేజీ త్రిభుజాకారంలో ఉంటుంది. -0.4 వోల్టుల నుంచి +1.3 దాకా ఎక్కి, మళ్లీ -0.4కి దిగుతుంది. వేగం సెకనుకు 400 వోల్టులు. అంటే ఎక్కి దిగడానికి పట్టేది 8.5 మిల్లీసెకన్లు. ఇలా సెకనుకు పదిసార్లు. డోపమైన్ ఉంటే ఎక్కేటప్పుడు +0.6 వోల్టుల దగ్గర ఒక శిఖరం, దిగేటప్పుడు -0.2 దగ్గర ఒక లోయ కనిపిస్తాయి. మొదటిది డోపమైన్ క్వినోన్ కావడం, రెండోది ఆ క్వినోన్ తిరిగి డోపమైన్ కావడం.

చిక్కేమిటంటే, ఇంత వేగంగా వోల్టేజీ మార్చితే కార్బన్ ఉపరితలం ఛార్జ్ కావడానికే బోలెడు కరెంటు పోతుంది. మా ఎలక్ట్రోడ్లలో అది కొన్ని వందల నానోఆంపియర్లు. డోపమైన్ వాటా 1 మైక్రోమోలార్‌కి 10 నుంచి 20 నానోఆంపియర్లు. మెదడులో సహజంగా వచ్చే పొంగులు ఇంకా చిన్నవి, పదుల నానోమోలార్ల నుంచి వంద పైచిలుకు. అంటే ఒకటి రెండు నానోఆంపియర్లు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. కాబట్టి డోపమైన్ రాకముందు తీసిన స్కాన్‌ను, అంటే బ్యాక్‌గ్రౌండ్‌ను, వచ్చాక తీసిన స్కాన్‌లోంచి తీసేస్తాం. ధాన్యం లారీని ధర్మకాటా మీద నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి తూచినట్టు. రెండు తూకాల మధ్య లారీ బరువు మారనంతవరకే ఆ లెక్క చెల్లుతుంది. కార్బన్ ఉపరితలం నిమిషాల మీద మెల్లగా మారిపోతూనే ఉంటుంది. అందుకే ఈ పద్ధతి సెకన్లలో వచ్చే మార్పు చెబుతుంది గానీ, మెదడులో ఎప్పుడూ ఉండే డోపమైన్ మట్టం ఎంతో చెప్పదు. ఫలితాలు చూపించేటప్పుడు చాలామంది ఈ మాట చివర్లో చిన్నగా చెబుతారు. మొదటి స్లయిడ్‌లోనే ఉండాలని నా అభిప్రాయం.

తర్వాత విటమిన్ సి పరీక్ష. ఇది లేకుండా ముందుకు వెళ్లకూడదని సార్ పట్టుబట్టారు. దాని వెనక చరిత్ర ఉంది. 1970ల మొదట్లో అమెరికాలో కాన్సస్ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ ఆడమ్స్ మొట్టమొదట ఎలుక మెదడులో కార్బన్ ఎలక్ట్రోడ్ దింపి వోల్టామెట్రీ చేశారు. కరెంటు చక్కగా వచ్చింది. అయితే అందులో ఎక్కువ భాగం డోపమైన్‌ది కాదు, ఆస్కార్బిక్ ఆమ్లానిదని తర్వాత తేలింది. మెదడు కణాల బయటి ద్రవంలో విటమిన్ సి వందల మైక్రోమోలార్లు ఉంటుంది, డోపమైన్ కన్నా వేల రెట్లు ఎక్కువ. ఎలుకలు దాన్ని ఒంట్లోనే తయారుచేసుకుంటాయి కూడా. ఆ రోజుల ఎలక్ట్రోడ్లకు ఈ రెండిటినీ విడదీసి చూసే శక్తి లేదు. ఆ తర్వాత ఆడమ్స్ దగ్గరా, ఇంకా ఎన్నో చోట్లా ఏళ్ల తరబడి జరిగిన పనంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: ఈ శిఖరం ఎవరిది?

మన పద్ధతిలో దీనికి జవాబు -0.4 వోల్టులో ఉంది. రెండు స్కాన్ల మధ్య 91.5 మిల్లీసెకన్లు ఎలక్ట్రోడ్ ఆ రుణ వోల్టేజీ దగ్గరే ఉంటుంది. శరీర పీహెచ్ దగ్గర డోపమైన్‌కు ధనావేశం ఉంటుంది, అది వచ్చి కార్బన్‌ను అంటుకుంటుంది. ఆస్కార్బేట్‌కు రుణావేశం, దాన్ని ఎలక్ట్రోడ్ దూరం నెడుతుంది. పైగా ఇంత వేగవంతమైన స్కాన్‌లో ఆస్కార్బేట్ గీత పక్కలకు పరుచుకుని పోతుంది, డోపమైన్‌లా నిటారుగా లేవదు. 200 మైక్రోమోలార్ ఆస్కార్బేట్ పారించి చూశాం. వచ్చిన గీత వెడల్పాటి గుట్టలా ఉంది, ఎత్తు చాలా తక్కువ. డోపమైన్ శిఖరంతో పొరబడే అవకాశం లేదు. రెండు బొమ్మలూ ముద్రించి బల్ల పైన గోడకు అంటించాం.

ఏప్రిల్

నెల మొదటి వారం నుంచి రీడింగుల్లో వింత అల ఒకటి మొదలైంది. ఫ్లో సెల్‌లో ఖాళీ బఫర్ తప్ప ఏమీ లేదు. అయినా కరెంటు మెల్లగా పెరిగి, మెల్లగా తగ్గుతోంది. ఒకసారి ఇరవై సెకన్లకు ఒక అల, ఇంకోసారి పది సెకన్లకు. ఇదే ఎలుకలో వచ్చి ఉంటే, మెదడులో ఏదో నెమ్మదైన లయ ఉందని కథ అల్లుకోవడానికి అన్ని అవకాశాలూ ఉన్నాయి.

కారణం కరెంటు లైనులో దొరికింది. మన సరఫరా 50 హెర్ట్జ్. మేం స్కాన్ చేసేది సెకనుకు పదిసార్లు. లైను కచ్చితంగా 50 దగ్గర ఉంటే, ప్రతి రెండు స్కాన్ల మధ్య సరిగ్గా ఐదు తరంగాలు దాటిపోతాయి. ప్రతి స్కాన్‌కూ హమ్ (కరెంటు లైను నుంచి రీడింగులోకి చొరబడే అల) ఒకే దశలో తగులుతుంది కాబట్టి బ్యాక్‌గ్రౌండ్‌తో పాటే పోతుంది. కానీ మన గ్రిడ్ ఎప్పుడూ 50 మీదే నిలబడదు, 49.90 నుంచి 50.05 మధ్య ఉండాలన్నది నియమం. 49.95 ఉన్నప్పుడు ప్రతి స్కాన్‌కూ దశ కొద్దికొద్దిగా జారుతుంది. ఆ జారుడు ఒక చుట్టు పూర్తి కావడానికి 20 సెకన్లు పడుతుంది. 49.90 అయితే 10 సెకన్లు. మా అల అదే. ఆ రోజు గ్రిడ్ ఫ్రీక్వెన్సీ చూస్తూ లెక్క వేస్తే అల వ్యవధి దానితో కలిసింది. కాగితం మీద ఈ లెక్క సరిపోయిన క్షణంలో కలిగిన ఆనందం మామూలుది కాదు.

అయితే ఫిబ్రవరిలో లేని హమ్ ఇప్పుడెందుకు వచ్చింది? బయటి విద్యుత్ అలజడిని ఆపే లోహపు పెట్టె, ఫారడే కేజ్, తలుపు రాగి పట్టీలు తుడిచాం, వైర్లన్నీ ఒకే ఎర్త్ బిందువుకు కలిపాం, హీటింగ్ ప్యాడ్ కంట్రోలర్ తీసి బయట పెట్టాం. కొంచెం తగ్గింది, పోలేదు. చివరికి బిల్డింగ్ ఎలక్ట్రీషియన్ అన్నను పిలిచాం. ఆయన గదిలోకి అడుగు కూడా పెట్టకుండా కిటికీలోంచి వెనక పెరడు వైపు చూసి, “ఎర్త్ పిట్‌ల నీళ్లు వోసి ఎన్ని దినాలైంది మేడం? ఎండకాలం మట్టి ఎండిపోతది, ఇగ ఎర్త్ యాడ దొరుకుతది?” అన్నాడు. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఆ గుంతలో బకెట్లతో నీళ్లు పోశారు. సాయంత్రానికి హమ్ నాలుగో వంతుకు పడిపోయింది. ఇప్పుడు ల్యాబ్ తలుపు మీద వారానికి ఒకసారి నీళ్లు పోసే పట్టిక ఉంది, టిక్కు పెట్టే బాధ్యత వంతులవారీగా. హీటింగ్ ప్యాడ్ బదులు గోరువెచ్చని నీరు తిరిగే మ్యాట్ తెప్పించాం.

జూన్

మొదటి ఎలుక. యానిమల్ హౌస్ అన్న దాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని, కళ్ల మీద అరచెయ్యి అడ్డుపెట్టి తెచ్చాడు. కొత్త గది వాసనకు బెదరకుండా కాసేపు అలాగే ఉంచుకున్నాడు. బెదిరిన జంతువులో మత్తు కూడా సరిగ్గా ఎక్కదంటాడు ఆయన. ఆయన చేతుల్లో అది ఎంత నెమ్మదిగా ఉందో చూశాక నేనూ అలా పట్టుకోవడం నేర్చుకుంటున్నాను.

మత్తుకు యురిథేన్, కిలోకు 1.5 గ్రాములు. గంటల తరబడి ఒకే లోతులో ఉంచుతుంది, డోపమైన్ విడుదలను పెద్దగా చెడగొట్టదు. క్యాన్సర్ కారకం కాబట్టి మనం రెండు జతల గ్లవ్స్ వేసుకోవాలి. కాలి వేలు నొక్కితే స్పందన లేదని నిర్ధారించుకున్నాక తలను కదలకుండా పట్టి, మిల్లీమీటర్ల లెక్కన చోటు గుర్తించనిచ్చే స్టీరియోటాక్సిక్ ఫ్రేమ్‌లో బిగించి, కోసే చోట తిమ్మిరెక్కించే లిడోకెయిన్ ఇచ్చాం. పుర్రె మీద ఎముకల అతుకులు కలిసే బ్రెగ్మా బిందువే మనకు సున్నా. దానికి 1.2 మి.మీ. ముందుకు, 2 మి.మీ. పక్కకు స్ట్రయేటం ఎలక్ట్రోడ్. వెనక్కి 4.6, పక్కకు 1.4 మి.మీ. దగ్గర ప్రేరణ ఎలక్ట్రోడ్; అది మీడియల్ ఫోర్‌బ్రెయిన్ బండిల్ అనే నరాల కట్టలోకి దిగాలి, డోపమైన్ తంతువులు స్ట్రయేటానికి వెళ్లేది దానిగుండానే. వోల్టేజీని దేనితో పోల్చి కొలవాలో ఆ రిఫరెన్స్‌గా, క్లోరైడ్ పూత పెట్టిన వెండి తీగ రెండో వైపు.

అన్నిటికన్నా సున్నితమైన ఘట్టం మెదడును కప్పి ఉండే డ్యూరా పొర తీయడం. వంచిన సూది మొనతో పొరను ఎత్తి చీల్చాలి. కింద రక్తనాళం ఉంటే పక్కకు తప్పుకోవాలి. పొర మిగిలిపోతే కార్బన్ కొస దానికి తగిలి విరుగుతుంది. పొర విడిపోయిన చోట మెదడు ఉపరితలం తడిగా మెరుస్తూ, గుండె కొట్టుకునే లయకు సన్నగా కదులుతూ కనిపించింది. ఎలక్ట్రోడ్‌ను అక్కడి నుంచి 4.5 మి.మీ. లోతుకు చాలా నెమ్మదిగా దింపాం. కొత్త కణజాలంలో కార్బన్ స్థిరపడేదాకా వోల్టేజీ స్కాన్లు నడుపుతూ ఆగాం.

ప్రేరణ: 60 హెర్ట్జ్, 24 పల్సులు, 300 మైక్రోఆంపియర్లు. మొత్తం 0.4 సెకన్లు. ప్రేరణ ఎలక్ట్రోడ్‌ను 7 మి.మీ. లోతు నుంచి 0.2 మి.మీ. చొప్పున దించుతూ, ప్రతి మెట్టు దగ్గరా ఒకసారి ప్రేరేపించి చూశాం. మొదటి మెట్ల దగ్గర ఏమీ లేదు. ఇంకొంచెం దించాక, స్కాన్లన్నీ పక్కపక్కన రంగుల్లో పరిచి చూపే కలర్ ప్లాట్‌లో +0.6 వోల్టుల దగ్గర ఆకుపచ్చ మచ్చ లేచింది, దాని పైన నీలం (మార్చిలో చూసిన శిఖరం, లోయ ఇవే). రెండు మూడు సెకన్లలో చల్లబడింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. సార్ మాత్రం స్క్రీన్ దగ్గరికి వంగి, “బాగుంది. ఇది డోపమైనే అని ఎట్లా చెప్తావమ్మా?” అన్నారు.

జులై

ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ నెల పని. ఒక్క ఆధారంతో తేలేది కాదు.

గీత ఆకారం బీకరులో తీసిన డోపమైన్ గీతతో పోలింది. అయితే నారడ్రినలిన్ అనే ఇంకో మెదడు రసాయనం గీత కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. ఈ పద్ధతి ఆ రెండిటినీ విడదీయలేదు. అక్కడ మెదడు పటమైన అట్లాసే సాక్ష్యం చెప్పాలి. స్ట్రయేటం పైభాగంలో నారడ్రినలిన్ తంతువులు చాలా తక్కువ, డోపమైన్ తంతువులు దట్టం. కాబట్టి కొస నిజంగా అక్కడే ఉందా అన్నది కీలకం. ప్రయోగం చివర ఎలక్ట్రోడ్‌గుండా కాస్త ఎక్కువ కరెంటు పంపి చిన్న గుర్తు చేసి, మెదడు పలచని ముక్కలు కోసి మైక్రోస్కోపులో చూస్తున్నాం. గుర్తు స్ట్రయేటం బయట పడిన రికార్డింగును ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టాలి.

డోపమైన్ వెంట ఇంకో మార్పు కూడా వస్తోంది, కొన్ని సెకన్లు ఆలస్యంగా. ప్రేరణ వల్ల ఆ భాగానికి రక్త ప్రవాహం పెరిగి కార్బన్ డయాక్సైడ్ కొట్టుకుపోతుంది, పీహెచ్ కొంచెం క్షారం వైపు జరుగుతుంది. కార్బన్ ఉపరితలం దీనికి కూడా స్పందిస్తుంది. +0.6 దగ్గర ఒక్క బిందువునే చూస్తే పీహెచ్ మార్పు డోపమైన్ లెక్కలో కలిసిపోతుంది. అందుకే పూర్తి గీతలను తీసుకుని, డోపమైన్ వాటా, పీహెచ్ వాటా విడదీసే గణితం వాడుతున్నాం. దానికి నమూనా గీతలు ఆ ఎలుకలో, ఆ ఎలక్ట్రోడ్‌తోనే తీయాలి. పాత ఎలుక గీతలు కొత్త ఎలుకకు వాడితే పని తేలికవుతుంది గానీ, నమ్మకం పోతుంది.

చివరి సాక్ష్యం మందు. నోమిఫెన్సిన్ ఒకప్పుడు డిప్రెషన్‌కు వాడేవారు. ఎర్ర రక్తకణాలు చితికిపోయే ప్రమాదం బయటపడటంతో 1986లో మార్కెట్ నుంచి తీసేశారు. ప్రయోగశాలలో మాత్రం మంచి సాధనం. డోపమైన్‌ను తిరిగి నరంలోకి లాగేసే ట్రాన్స్‌పోర్టర్‌ను అది అడ్డుకుంటుంది. మా శిఖరం డోపమైన్‌దే అయితే ఈ మందుతో ఎత్తు పెరగాలి, దిగుడు సాగాలి. విటమిన్ సి అయితే, పీహెచ్ అయితే అలా జరగడానికి కారణం లేదు. కిలోకు 10 మిల్లీగ్రాములు ఇచ్చి, నిమిషాలు గడిచే కొద్దీ అదే ప్రేరణ మళ్లీ మళ్లీ ఇచ్చాం. శిఖరం లేచింది. రెండు మూడు సెకన్లలో దిగిపోయే గీత ఇప్పుడు పది సెకన్లు దాటినా నేలకు చేరలేదు. తర్వాతి ఎలుకల్లోనూ అదే తీరు. సార్ ప్రింటు మీద తేదీ వేసి సంతకం పెట్టారు.

పక్క బల్ల మీద మైక్రోడయాలిసిస్ చేసే సీనియర్ అక్కతో ఈ బొమ్మల మీద చాలాసేపు చర్చ జరిగింది. 1970ల్లో స్వీడన్‌లో ఉంగర్‌స్టెట్ తీర్చిదిద్దిన పద్ధతి అది. పొర గొట్టం గుండా నిమిషానికి ఒక మైక్రోలీటరు కృత్రిమ మెదడు ద్రవం పారించి, ఇరవై నిమిషాలకు ఒక నమూనా పట్టి, రసాయనాలను వేరుచేసే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో ఎక్కిస్తారు. కాలమ్‌లో ప్రతి రసాయనం విడివిడిగా బయటికొస్తుంది కాబట్టి ఏది ఏదో అన్న అనుమానం ఉండదు, మట్టం కూడా తెలుస్తుంది. కానీ రెండు సెకన్ల పొంగు ఇరవై నిమిషాల్లో కరిగిపోతుంది. “నీకు టైము దొరికింది, నాకు పేరు దొరికింది” అంది అక్క. ఈ రెండింటిలో ఏది మేలన్న వాదనలో నాకు ఆసక్తి పోయింది. లెవోడోపా ప్రయోగంలో విడివిడి ఎలుకల్లో రెండు పద్ధతులూ పెట్టాలని ప్రతిపాదన సవరించి పంపుతున్నాం. డోపమైన్ తగిలితే ఎక్కువ వెలిగే ప్రోటీన్ సెన్సర్లు, డీలైట్, గ్రాబ్ లాంటివి, 2018 నుంచి వచ్చాయి. మెలకువలో తిరిగే జంతువులో నెలల తరబడి చూడాలంటే అవే నయం. కానీ వెలుతురు ఎంత పెరిగిందో చెబుతాయి గానీ నానోమోలార్ల లెక్క నేరుగా ఇవ్వవు. మా ప్రశ్నకు కావాల్సింది ఆ లెక్కే.

ఆగస్టు

లెవోడోపా ఎలుకల దాకా వెళ్లేముందు మళ్లీ ఫ్లో సెల్ దగ్గరికే వచ్చాం. లెవోడోపా కూడా డోపమైన్‌లాగే కేటికాల్ జాతి రసాయనమే, అది కూడా ఇదే వోల్టేజీ ప్రాంతంలో ఆక్సీకరణం చెందుతుంది. మెదడులోకి మందు చేరాక కొస మీద పడేది డోపమైన్ ఒక్కటే కాదన్నమాట. మందు నెమ్మదిగా, నిమిషాల మీద పెరుగుతుంది; ప్రేరణ గీత సెకన్లలో వస్తుంది. కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ తీసేయడంలో మందు వాటా పోవాలి. పోవాలి అనుకోవడం వేరు, చూడటం వేరు. రేపటి నుంచి బఫర్‌లోనే లెవోడోపా కలిపి ఉంచి, దాని మీద డోపమైన్ పారించి, సున్నితత్వం తగ్గుతోందా, శిఖరం పక్కకు జరుగుతోందా చూస్తాం. లెవోడోపాతో, మెదడు బయట అది మారిపోకుండా ఆపే బెన్సెరజైడ్ కూడా ఇవ్వాలి, లేకపోతే మందులో చాలా భాగం మెదడు చేరకముందే డోపమైన్‌గా మారిపోతుంది. దాన్ని కూడా ఇదే ఫ్లో సెల్‌లో విడిగా పరీక్షించాలి. సెలైన్ మాత్రమే ఇచ్చే ఎలుకల గుంపు ఒకటి తప్పనిసరి, గంటల మీద ఎలక్ట్రోడ్ తనంతట తాను ఎంత మందగిస్తుందో తెలియాలి కదా. ప్రతి రికార్డింగు అయ్యాక అదే ఎలక్ట్రోడ్‌ను మళ్లీ 1 మైక్రోమోలార్ డోపమైన్‌లో పెట్టి, ముందు రీడింగు పక్కనే రాస్తున్నాం. ఆ రెండో అంకె లేని రికార్డింగును ఫలితాల పట్టికలో చేర్చడం లేదు.